అరటి తోటలో వైరస్ తెగుళ్లను తొలిదశలో పసిగట్టి, ఏది ఏదో తేల్చుకోవడం ఎలా?

వైరస్ సోకిన అరటి మొక్కను తోటలో నయం చేయగల మందు ఇప్పటివరకు లేదు. ఎన్ని మందులు పిచికారీ చేసినా, ఎంత ఎరువు వేసినా మొక్కలో చేరిన వైరస్ పోదు. పైగా దుంపలోకి దిగి, ఆ దుంప నుంచి పుట్టే పిలకల్లోకి కూడా పాకుతుంది. అందుకే ఈ తెగుళ్ల విషయంలో రైతు చేయగలిగిన అతి ముఖ్యమైన పని వేళకు గుర్తించడమే. అయితే "ఏదో వైరస్ వచ్చింది" అని తెలుసుకుంటే సరిపోదు. మన దేశపు తోటల్లో ప్రధానంగా కనిపించేవి నాలుగు: బంచీ టాప్ అని కూడా పిలిచే వెర్రితల తెగులు, కుకుంబర్ మొజాయిక్, బ్రాక్ట్ మొజాయిక్, స్ట్రీక్. వీటిలో ఒకదానికి మొక్కను దుంపతో సహా ఆలస్యం చేయకుండా తీసేయాలి. మరొకదానికి కంచె అవతలి దోసపాదులను, గట్టు మీది కలుపును చూడాలి. ఇంకొకదానికి తొందరపడి మొక్కను నరికితే పంటను చేజేతులా పోగొట్టుకోవడమే అవుతుంది. కాబట్టి ఏ వైరస్సో తేల్చుకున్న తరువాతనే కత్తి పట్టండి.

1. తోట తిరగడానికి ఒక పద్ధతి పెట్టుకోండి

నీళ్లు పెట్టడానికి వెళ్లినప్పుడు అటూ ఇటూ చూసి రావడం పరిశీలన కాదు. వరుస వెంట వరుసగా నడుస్తూ, ప్రతి మొక్కనూ చూడటానికే ప్రత్యేకంగా సమయం కేటాయించండి. ఎండ ఏటవాలుగా పడే ఉదయం వేళ గానీ సాయంత్రం వేళ గానీ ఇందుకు అనుకూలం, ఎందుకంటే ఆకును వెలుగుకు అడ్డంగా పట్టి చూడవలసిన పని చాలా ఉంటుంది. వెంట ఒక భూతద్దం, ఫోన్, ఒక నోటు పుస్తకం, అనుమానం వచ్చిన మొక్కకు కట్టడానికి రంగు గుడ్డ పేలికలు ఉంటే చాలు. వరుసలకు అంకెలు వేసుకుని, "7వ వరుస, 12వ మొక్క" అన్నట్లు రాసుకోండి. రెండు వారాల తరువాత మళ్లీ అదే మొక్క దగ్గరకు రావాలంటే జ్ఞాపకశక్తిని నమ్ముకోకూడదు.

ఎన్ని రోజులకు ఒకసారి చూడాలన్న ప్రశ్నకు సమాధానం మొక్క పెరుగుదలలోనే ఉంది. వెచ్చని కాలంలో ఆరోగ్యంగా ఉన్న అరటి సుమారు వారం పది రోజులకు ఒక కొత్త ఆకు వేస్తుంది. వెర్రితల వైరస్ మొక్కలో ప్రవేశించాక సాధారణంగా రెండు లేదా అంతకంటే ఎక్కువ కొత్త ఆకులు వచ్చిన తరువాతనే లక్షణాలు బయటపడతాయి. అందువల్ల రెండు వారాలకు ఒకసారి తిరిగితే ప్రతిసారీ ఒకటి రెండు కొత్త ఆకులు మీ కంటబడతాయి. నాటిన తరువాత తొలి నాలుగైదు నెలలు, ముఖ్యంగా టిష్యూ కల్చర్ మొక్కలు (ప్రయోగశాలలో కణజాలం నుంచి పెంచినవి) నాటిన తోటలో, వారానికి ఒకసారి తిరగడం మంచిది. చలికాలంలో ఆకు రావడమే ఆలస్యమవుతుంది కనుక లక్షణాలు కూడా ఆలస్యంగానే కనిపిస్తాయి. ఆ కాలంలో తోట శుభ్రంగా ఉన్నట్లు కనబడినంత మాత్రాన పరిశీలన మానకూడదు.

2. ప్రతి మొక్కనూ పైనుంచి కిందికి చూడండి

చాలామంది మొదట ముదురు ఆకులను చూస్తారు, ఎందుకంటే అవి కంటికి అందే ఎత్తులో ఉంటాయి, పసుపు, ఎండు మచ్చలు కూడా వాటి మీదనే ఎక్కువగా కనిపిస్తాయి. వైరస్ కోసం వెతికేటప్పుడు ఈ అలవాటును తిరగేయాలి. ముందుగా ఇటీవలే విచ్చుకున్న ఆకును, ఆ తరువాత దాని కింది ఆకును చూడండి. ఆకును వంచి, అడుగు భాగం మీవైపు, పైభాగం సూర్యుడివైపు ఉండేలా పట్టుకుంటే వెలుగు ఆకు గుండా వచ్చి, సన్నని గీతలు కూడా స్పష్టమవుతాయి. నడి ఈనె అడుగున, ఆకు కాడ మీద తెల్లటి బూడిద వంటి పూత ఉంటుంది. దానిని బొటనవేలితో తుడవండి. వెర్రితల తెగులు తొలి గుర్తులు చాలా సందర్భాల్లో ఈ పూత కిందనే దాగి ఉంటాయి. పూత తుడవకుండా చూసిన మొక్కను చూసినట్లు లెక్క వేసుకోకండి.

తరువాత ఆకు కాడ వెంట కిందికి వచ్చి బోదె పైడొప్పల రంగు చూడండి. ఎరుపు, ఊదా చారలు ఉన్నాయా? ఎండిన పైడొప్పను ఒకటి రెండు చోట్ల వదులు చేసి లోపల పేనుబంక గుంపులున్నాయేమో గమనించండి, వైరస్‌ను మొక్క నుంచి మొక్కకు మోసే పురుగు ఇదే. అరటి పేనుబంక ముదురు గోధుమ నుంచి నలుపు రంగులో, ఒకటి రెండు మిల్లీమీటర్ల పరిమాణంలో ఉంటుంది. నేలకు దగ్గరగా పాత డొప్పల కింద, పిలకల మొదళ్లలో, ఇంకా విచ్చుకోని ఆకు మొదట్లో చేరుతుంది. అది విసర్జించే తీపి జిగురు కోసం చీమలు వస్తాయి కనుక బోదె మీద చీమల బారు కనిపిస్తే అక్కడ ఆగి చూడవలసిందే. చివరగా పిలకలను విడివిడిగా పరిశీలించండి. తల్లి మొక్క పైకి బాగానే ఉండి, పిలకలో మాత్రం తెగులు స్పష్టంగా కనిపించే సందర్భాలు తక్కువేమీ కావు. గెల వేసిన మొక్క అయితే అరటి పువ్వు రేకులను కూడా చూడండి. కొన్ని గుర్తులు ఇతర భాగాల కంటే అక్కడే స్పష్టంగా ఉంటాయి.

3. వెర్రితల తెగులు: ఆకారం మారకముందే పట్టుకోవాలి

నాలుగింటిలో అత్యంత ప్రమాదకరమైనది ఇదే. 1889లో ఫిజీ దీవుల్లో తొలిసారి నమోదైన ఈ తెగులు 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆస్ట్రేలియా అరటి సాగును కుదిపేసింది. అక్కడ 1920ల్లో సి.జె.పి. మాగీ జరిపిన పరిశోధనలే పేనుబంక ద్వారా ఇది వ్యాపిస్తుందని నిరూపించాయి. మన దేశంలోకి 1940 ప్రాంతంలో శ్రీలంక నుంచి కేరళకు వచ్చిందని చెబుతారు. తమిళనాడులో పళని కొండల విరుపాక్షి అరటిని ఇది ఎంతగా తుడిచిపెట్టిందో ఆ పంట చరిత్ర తెలిసినవారు మరచిపోలేరు.

దీనిని ఫోటోల్లో చూసినవారి మనసులో ఒక చిత్రం నిలిచిపోతుంది: ఆకులు పొట్టిగా, సన్నగా, నిటారుగా నిలబడి తలపై గుబురుగా చేరిన గిడసబారిన మొక్క. ఆ చిత్రం నిజమే కానీ అది చివరి దశ. మొక్క ఆ రూపానికి వచ్చేసరికి దాని మీద పెరిగిన పేనుబంకలో రెక్కలు వచ్చినవి పక్క మొక్కలకు ఎగిరిపోయి ఉండవచ్చు. కాబట్టి మీరు వెతకవలసినది గుబురు తలను కాదు, ఈ కింది మూడు తొలి గుర్తులను.

మొదటిది, ముదురు ఆకుపచ్చ చుక్కలూ గీతలూ. ఇటీవల విచ్చుకున్న ఆకు అడుగున పక్క ఈనెల వెంట, నడి ఈనె మీద, ఆకు కాడ మీద ఒక చుక్క, ఒక గీత, మళ్లీ రెండు చుక్కలు అన్నట్లుగా మిగతా ఆకు కంటే ముదురు ఆకుపచ్చ రంగులో కనిపిస్తాయి. పాత టెలిగ్రాఫ్ సంకేతాలను పోలి ఉన్నందున శాస్త్రవేత్తలు వీటిని మోర్స్ కోడ్ గీతలంటారు. ఇక్కడ గట్టిగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది: ఈ గీతలు పసుపు రంగువి కావు, ముదురు పచ్చవి. పసుపు చారలు కనిపిస్తే మీరు చూస్తున్నది మరో తెగులు గానీ పోషక లోపం గానీ అయ్యే అవకాశమే ఎక్కువ.

రెండవది, నడి ఈనె పక్కన కనిపించే కొక్కెం ఆకారం. పక్క ఈనెలు నడి ఈనెలో కలిసే చోట, ఈ ముదురు గీతలు నేరుగా వచ్చి ఆగిపోకుండా కాడ వైపు కిందికి వంగి కొక్కేల్లా కనిపిస్తాయి. ఆకును వెలుగుకు ఎత్తి పట్టినప్పుడు నడి ఈనెకు ఇరువైపులా ఉండే సన్నని లేత పట్టీలో ఈ వంపు బాగా తెలుస్తుంది. మూడవది, వరుసగా వచ్చే ఆకుల పరిమాణంలో తేడా. ప్రతి కొత్త ఆకూ ముందు ఆకు కంటే పొట్టిగా, సన్నగా, అంచులు పసుపుబారి కొద్దిగా పైకి ముడుచుకుని వస్తుంటే, పట్టుకుంటే పెళుసుగా విరుగుతుంటే అనుమానం బలపడినట్లే. ఈ మూడింటిలో ముదురు పచ్చ చుక్కలు, కొక్కేలు రెండూ కనిపిస్తే పొరపాటు పడే అవకాశం చాలా తక్కువ.

తెగులు ఎప్పుడు సోకింది అన్నదాన్ని బట్టి రూపం మారుతుంది. తెగులున్న దుంప నుంచి వచ్చిన పిలక మొదటి ఆకు నుంచే గిడసబారి, రెండు అడుగులకు మించి ఎదగకపోవచ్చు, గెల వేయదు. పెరుగుతున్న మొక్కకు పేనుబంక ద్వారా సోకితే పై ఆకులు మాత్రమే మారతాయి, కింది ఆకులు మామూలుగానే ఉంటాయి. గెల వేసే దశకు దగ్గరగా సోకితే గెల గొంతులో ఇరుక్కుని మెలితిరగవచ్చు, లేదా మొక్క పైకి బాగానే ఉండి అరటి పువ్వు రేకుల మీద మాత్రమే ముదురు పచ్చ గీతలు కనిపించవచ్చు. రేకుల కొనలు ఆకుల్లా పచ్చగా మారడం కూడా దీని గుర్తే. అటువంటి మొక్క నుంచి గెల వచ్చినా దాని పిలకలన్నీ తెగులు పిలకలే.

ఒక మొక్క దొరికిందంటే అది ఒంటరిది కాదని భావించి వెతకండి. ఆస్ట్రేలియా తోటల్లో జరిపిన అధ్యయనాల్లో కొత్తగా తెగులు సోకిన మొక్కల్లో సుమారు మూడింట రెండు వంతులు అంతకు ముందున్న తెగులు మొక్కకు 20 మీటర్ల లోపే ఉన్నాయని తేలింది. కనుక ఆ మొక్కను నడిమధ్యగా పెట్టుకుని నాలుగు వైపులా 20 మీటర్ల వరకు ప్రతి మొక్క మొవ్వునూ పూత తుడిచి చూడండి, వారం తరువాత మళ్లీ చూడండి. ఈ వైరస్ కత్తి ద్వారా గానీ చేతుల ద్వారా గానీ అంటదు. పేనుబంక, తెగులు దుంపలు, పిలకలు, తెగులు సోకిన టిష్యూ కల్చర్ మొక్కలు, ఇవే దాని దారులు. అయినా మొక్కకు మొక్కకు మధ్య కత్తిని శుభ్రం చేసుకోండి, ఎందుకంటే బాక్టీరియా తెగుళ్లు, పనామా అనే శిలీంధ్ర తెగులు వంటివి పనిముట్ల ద్వారా పాకుతాయి.

4. కుకుంబర్ మొజాయిక్: తోట బయట కూడా చూడండి

ఈ తెగులులో లేత ఆకు మీద లేత పచ్చ, పసుపు చారలు పక్క ఈనెలకు సమాంతరంగా, నడి ఈనె నుంచి అంచు దాకా తెగి తెగి సాగుతాయి. ఆకు మొత్తం ఒకే తీరుగా ఉండదు. ఒక పక్క బాగుండి మరో పక్క చారలు నిండి ఉండవచ్చు. అంచులు ఎగుడుదిగుడుగా, ఆకు వంకరగా వస్తుంది. తీవ్రమైనప్పుడు మొవ్వు ఆకు నల్లబడి కుళ్లుతుంది, ఆ కుళ్లు బోదె నడుమకు దిగుతుంది. లేత మొక్కలు దీనితో చనిపోతాయి. వాతావరణం చల్లబడినప్పుడు, వానల తరువాత లక్షణాలు తీవ్రమై, ఎండలు ముదిరినప్పుడు మాయమైనట్లు కనిపించడం ఈ తెగులు స్వభావం. వేసవిలో కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయని తెగులు పోయిందనుకోవద్దు. మహారాష్ట్రలోని జళగావ్ ప్రాంతపు అరటి రైతులకు వానాకాలంలో ఈ తెగులు చేసే నష్టం బాగా తెలుసు.

దీనిని మోసే పేనుబంక జాతులు చాలా ఉన్నాయి, వాటిలో పత్తి, దోస మీద ఉండే పేనుబంక ముఖ్యమైనది. ఇవి అరటి మీద కాపురం పెట్టవు. ఎగురుతూ వచ్చి, కొద్దిసేపు రుచి చూసి, ఆ కొద్ది సమయంలోనే వైరస్‌ను అంటించి వెళ్లిపోతాయి. అందువల్ల అరటి మీద పేనుబంక కనిపించలేదు కాబట్టి మొజాయిక్ కాదు అనే తర్కం ఇక్కడ పనిచేయదు. దానికి బదులు చుట్టూ చూడండి. దోస, గుమ్మడి, బీర వంటి తీగ కూరలు, మిరప, టమాటా అంతర పంటగా గానీ పక్క చేలో గానీ ఉన్నాయా? గట్ల మీద వెన్నదేవి వంటి కలుపు ఉందా? వాటి ఆకుల మీద మచ్చల మచ్చల పసుపు, ముడత ఉంటే మీ అనుమానానికి అది బలమైన ఆధారం. తెగులు మొక్కలు గట్టు వెంబడి, కూరగాయల చేను ఉన్న వైపున ఎక్కువగా ఉంటే ఆ విషయాన్ని కూడా నోటు పుస్తకంలో రాసుకోండి. నాటిన కొత్తలో టిష్యూ కల్చర్ మొక్కలు దీనికి త్వరగా లొంగుతాయి, కనుక కొత్త గ్రాండ్ నైన్ రకపు తోటలో మిరపో దోసో అంతర పంటగా వేయడం నా దృష్టిలో తెలిసి తెలిసి తెగులును పిలవడమే.

5. బ్రాక్ట్ మొజాయిక్: రంగును బట్టి తెలుస్తుంది

ఫిలిప్పీన్స్‌లో 1979లో మొదట గమనించిన ఈ తెగులు దక్షిణ భారతంలో, ముఖ్యంగా కేరళ, తమిళనాడుల్లో నేంద్రన్ అరటి మీద బాగా కనిపిస్తుంది. ఆకు కంటే ఇతర భాగాల మీదనే దీని గుర్తులు స్పష్టం. ఎండిన పైడొప్పలు తీసి చూస్తే బోదె మీద, ఆకు కాడ మీద, నడి ఈనె మీద నడుమ లావుగా, రెండు కొనలు సన్నగా ఉండే ఎరుపు లేదా ఊదా చారలు కనిపిస్తాయి. అరటి పువ్వు రేకుల మీద సాధారణ ఎరుపు రంగులో ముదురు, లేత రంగుల చారలు కలగలిసి ఉంటాయి. ఈ రేకులను ఇంగ్లీషులో బ్రాక్ట్ అంటారు, తెగులుకు ఆ పేరు రావడానికి కారణం ఈ రేకుల మీది చారలే. నేంద్రన్‌లో ఆకులు బోదె చుట్టూ రాకుండా రెండు పక్కల ఎదురెదురుగా ఒకే వరుసలో పేర్చినట్లు నిలబడతాయి. కాయలు సరిగా నిండవు. దీనిని కూడా పేనుబంక, పిలకలు రెండూ మోస్తాయి. కొన్ని అరటి రకాల బోదె మీద సహజంగానే ఎరుపు, నలుపు ఛాయలుంటాయి కాబట్టి పక్కనున్న అదే రకపు ఆరోగ్యమైన మొక్కతో పోల్చకుండా నిర్ణయానికి రాకండి.

6. స్ట్రీక్: కర్పూర చక్రకేళి రైతులు ప్రత్యేకంగా చదవవలసిన భాగం

ఇది చాలామందిని తికమక పెట్టే వైరస్. ఆకు మీద నడి ఈనె నుంచి అంచు వైపు సన్నని పసుపు గీతలు, కొన్నిచోట్ల తెగుతూ, కొన్నిచోట్ల కలుస్తూ సాగుతాయి. మొదటి దశలో వీటిని కుకుంబర్ మొజాయిక్ చారల నుంచి వేరుచేయడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే. కానీ కొన్ని వారాలు ఆగితే తేడా తెలుస్తుంది: స్ట్రీక్ గీతలు క్రమంగా గోధుమ రంగుకు, తరువాత నలుపుకు మారి ఎండిపోతాయి, మొజాయిక్ చారలు సాధారణంగా పసుపుగానే ఉంటాయి. ఇంకొక లక్షణం, దీని అస్థిరత్వం. ఒక ఆకు నిండా గీతలుంటాయి, తరువాతి మూడు ఆకులు శుభ్రంగా వస్తాయి, కొన్ని నెలల తరువాత మళ్లీ గీతలు కనిపిస్తాయి. తీవ్రమైనప్పుడు బోదె మొదట్లో పగుళ్లు వస్తాయి, గెల పైనుంచి కాకుండా బోదె పక్కను చీల్చుకుని రావచ్చు.

దీని వెనుక ఉన్న కారణం తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది. మనం తినే అరటి రకాలు మూసా అక్యుమినాటా, మూసా బాల్బిసియానా అనే రెండు అడవి జాతుల నుంచి పుట్టాయి. బాల్బిసియానా వంశం కలిగిన రకాల్లో ఈ వైరస్ జన్యు పదార్థం మొక్క సొంత జన్యువుల్లోనే అతుక్కుని నిద్రాణంగా ఉంటుంది. చలి, నీటి ఎద్దడి, టిష్యూ కల్చర్ ప్రక్రియ వంటి ఒత్తిడి కలిగినప్పుడు కొన్ని రకాల్లో అది మేల్కొని వైరస్‌గా తయారవుతుంది. అంటే బయటి నుంచి ఏ పురుగూ మోసుకురాకుండానే తెగులు పుట్టగలదు. తమిళనాడులో పూవన్ అని పిలిచే మన కర్పూర చక్రకేళిలో ఇది విస్తారంగా ఉండటానికి ఇదీ ఒక కారణం. కావెండిష్ వర్గపు గ్రాండ్ నైన్, రోబస్టా వంటి రకాల్లో ఈ వంశం లేదు కనుక అక్కడ స్ట్రీక్ కనిపిస్తే తెగులు పిలకల ద్వారా గానీ పిండినల్లి ద్వారా గానీ వచ్చిందని భావించి వాటిని వెతకాలి.

అందువల్ల కర్పూర చక్రకేళి తోటలో కొన్ని ఆకుల మీద పసుపు గీతలు కనిపించగానే మొక్కలన్నీ పీకేయమని ఎవరైనా సలహా ఇస్తే ఆగండి. మొక్క ఎదుగుదల బాగుండి గెల వేసే స్థితిలో ఉంటే, సక్రమంగా నీరు, ఎరువు అందించి ఒత్తిడి తగ్గిస్తే చాలావరకు పంట దక్కుతుంది. ఆ మొక్కల నుంచి పిలకలు మాత్రం నాటడానికి తీసుకోకండి.

7. వైరస్ కానివాటిని పక్కన పెట్టండి

నా అంచనాలో రైతులు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే, అందుకే కొంత వివరంగా చెబుతాను. ముందుగా, తెగులు తోటలో ఎలా పరచుకుంది అన్నది చూడండి. వైరస్ అయితే ఇక్కడొక మొక్క, అక్కడొక మొక్క, లేదా చిన్న గుంపు కనిపిస్తుంది; వారాలు గడిచే కొద్దీ పెరుగుతుంది. వరుసలన్నీ ఒకేసారి, ఒకే తీరుగా మారాయంటే అది నేల, నీరు, ఎరువు లేదా కలుపు మందు వల్ల జరిగినది అయ్యే అవకాశమే ఎక్కువ.

జింకు లోపంలో లేత ఆకులు సన్నబడి, చిన్నవై, ఈనెల మధ్య తెలుపు, పసుపు పట్టీలు వస్తాయి. కొత్తగా వచ్చే ఆకు అడుగున ఊదా ఛాయ కనిపించవచ్చు. మొవ్వు చిన్నబడటం వల్ల దీనిని వెర్రితల తెగులు అనుకుంటారు, కానీ ముదురు పచ్చ చుక్కలు, కొక్కేలు ఇందులో ఉండవు. ఇనుము లోపంలో లేత ఆకు మొత్తం తెల్లగా పాలిపోతుంది. సున్నం ఎక్కువగా ఉన్న అనంతపురం, కడప నేలల్లో ఇది కొత్తేమీ కాదు. మెగ్నీషియం లోపం ముదురు ఆకుల మీద మొదలవుతుంది, వైరస్ లేత ఆకుల మీద మొదలవుతుంది. ఈ ఒక్క తేడాతోనే చాలా సందేహాలు తీరిపోతాయి. బోరాన్ లోపంలో వచ్చే గీతలు పక్క ఈనెలను అడ్డంగా దాటుతూ ఉంటాయి. వైరస్ గీతలు ఈనెల వెంట నడుస్తాయి. భూతద్దంతో గీత దిశను చూస్తే ఇది తేలిపోతుంది.

కలుపు మందు చినుకులు మొవ్వు మీద పడితే తరువాతి ఆకులు సన్నగా, ముడుచుకుని, పసుపుబారి వస్తాయి. గత నెలలో మీరు గానీ పక్క రైతు గానీ కలుపు మందు కొట్టారా అని గుర్తు చేసుకోండి; గట్టు పక్క వరుసలోనే నష్టం ఉంటే అనుమానం దాని మీదే. ఇలా దెబ్బతిన్న మొక్క కొన్ని ఆకుల తరువాత తేరుకుంటుంది, వెర్రితల సోకినది తేరుకోదు. సిగటోక ఆకుమచ్చ తెగులు తొలి గీతలు కూడా స్ట్రీక్‌ను పోలి ఉంటాయి, అయితే అవి మూడవ, నాలుగవ ఆకు తరువాత కనిపించి, నడుమ బూడిద రంగు, చుట్టూ పసుపు వలయం గల కోలమచ్చలుగా మారతాయి. పనామా తెగులులో ముదురు ఆకులు అంచుల నుంచి పసుపుబారి కాడ దగ్గర విరిగి బోదె చుట్టూ వేలాడతాయి, బోదెను కోస్తే లోపల గోధుమ, ఎరుపు రంగు గీతలుంటాయి.

టిష్యూ కల్చర్ మొక్కల్లో వచ్చే జన్యు మార్పులు ఇంకొక చిక్కు. ఇటువంటి మొక్క ఆకులు మందంగా, సన్నగా, వంకరగా, లేత పచ్చ మచ్చలతో వస్తాయి. చూపుకు మొజాయిక్‌లా ఉన్నా ఇది ఒక మొక్క నుంచి మరో మొక్కకు అంటదు. కంటితో దీనిని తేల్చడం కష్టం, పరీక్షకు పంపవలసిందే.

8. పరీక్షకు నమూనా పంపండి

ముదురు పచ్చ చుక్కలు, కొక్కేలు స్పష్టంగా ఉన్న వెర్రితల మొక్క విషయంలో పరీక్ష ఫలితం కోసం రోజుల తరబడి ఎదురు చూడవద్దు. ఆ మొక్క అక్కడున్న ప్రతి రోజూ పేనుబంకకు అవకాశమే. మిగిలిన మూడింటి విషయంలో, లేదా లక్షణాలు కలగలిసి ఉన్నప్పుడు, ప్రయోగశాల పరీక్షే నమ్మదగినది. ఒకే మొక్కలో రెండు వైరస్‌లు కలిసి ఉండటం అరుదేమీ కాదు.

నమూనా తీసేటప్పుడు ఎండిపోయిన ఆకును గానీ కుళ్లిన భాగాన్ని గానీ పంపకండి. లక్షణాలు స్పష్టంగా ఉన్న లేత ఆకు నుంచి, నడి ఈనెతో సహా అరచేయి వెడల్పు ముక్కను కోయండి. స్ట్రీక్ అనుమానమైతే గీతలున్న ఆకు ఏదైతే అదే తీయాలి, ఎందుకంటే శుభ్రంగా ఉన్న కొత్త ఆకులో వైరస్ చాలా తక్కువగా ఉండవచ్చు. అదే రకపు ఆరోగ్యమైన మొక్క నుంచి కూడా ఒక ముక్క తీసి విడిగా పెట్టండి. తడి తుడిచి, పొడి కాగితంలో చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి, రకం పేరు, నాటిన నెల, వరుస సంఖ్య, తేదీ రాసి, చల్లని పెట్టెలో ఒకటి రెండు రోజుల్లో చేరేలా పంపండి. సంచిలో పేనుబంక లేకుండా చూసుకోండి. ఆకు రెండు వైపులా, కాడ, పిలకలు, మొత్తం మొక్క ఫోటోలు తీసి జతచేయండి. ఫోటో చూసి తెగులు పేరు చెప్పే ఫోన్ యాప్‌లు వచ్చాయి, వాటిని తొలి సూచనగా తీసుకోవచ్చు గానీ మొక్కను తీసేసే నిర్ణయం వాటి మీద ఆధారపడి చేయకండి.

మీ గ్రామ రైతు సేవా కేంద్రం, మండల ఉద్యాన అధికారి, కృషి విజ్ఞాన కేంద్రం ద్వారా మొదలుపెట్టవచ్చు. గోదావరి ప్రాంతపు రైతులకు కొవ్వూరులోని ఉద్యాన పరిశోధన స్థానం అరటి మీద చాలాకాలంగా పనిచేస్తున్న సంస్థ. అరటి వైరస్‌ల పరీక్షలో దేశంలో ప్రధానమైనది తిరుచిరాపల్లిలోని జాతీయ అరటి పరిశోధన కేంద్రం. అక్కడ వాడే ఎలైజా, పీసీఆర్ (వైరస్ జన్యు పదార్థాన్ని పట్టే పరీక్ష) పద్ధతుల వివరాలు మీకు అవసరం లేదు కానీ రెండు విషయాలు తెలిసి ఉండాలి. బాల్బిసియానా వంశపు రకాల్లో మామూలు పీసీఆర్ చేస్తే నిద్రాణంగా ఉన్న జన్యు పదార్థం కూడా పట్టుబడి, నిజంగా తెగులు లేకపోయినా స్ట్రీక్ ఉందని రావచ్చు. కర్పూర చక్రకేళి, అమృతపాణి, బొంత నమూనాలు పంపేటప్పుడు రకం పేరు తప్పక రాయమనేది అందుకే. అలాగే లక్షణాలు లేని మొక్కలో వైరస్ లేదని ఫలితం వచ్చినంత మాత్రాన అది నిన్న సోకి ఉండదన్న హామీ లేదు.

9. తేలిన తరువాత

వెర్రితల అని తేలితే మొదట మొక్కను కదపకండి. కదిపితే పేనుబంక చెదిరి పక్క మొక్కలకు చేరుతుంది. ముందుగా ఉద్యాన అధికారి సూచించిన పురుగు మందును మొవ్వులో, బోదె మొదట్లో, పిలకల మీద తడిసేలా కొట్టి, పేనుబంక చనిపోయాక తల్లి మొక్కను, అన్ని పిలకలను దుంపతో సహా తవ్వి, ముక్కలు చేసి అక్కడే ఎండబెట్టి నాశనం చేయండి. దుంప ముక్క మిగిలినా మళ్లీ తెగులు పిలక లేస్తుంది కనుక ఆ చోటును రెండు మూడు నెలలు గమనిస్తూ ఉండండి. కుకుంబర్ మొజాయిక్ అయితే తెగులు మొక్కలను తీసేయడంతో పాటు కలుపును, తీగ కూరల అంతర పంటలను తొలగించాలి. బ్రాక్ట్ మొజాయిక్ మొక్కలను కూడా పిలకలతో సహా తీసేయాలి.

తదుపరి పంటకు పిలకలు ఎంచుకునేటప్పుడు ఇప్పుడు రాసుకున్న నోటు పుస్తకమే ఆధారం. గుడ్డ పేలిక కట్టిన మొక్కల నుంచి, వాటి చుట్టుపక్కల మొక్కల నుంచి ఒక్క పిలక కూడా తీయవద్దు, బంధువులకు ఇవ్వవద్దు, పిలక పంటకు వదలవద్దు. టిష్యూ కల్చర్ మొక్కలు కొంటే, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో మొదలుపెట్టిన ధ్రువీకరణ పథకం కింద వైరస్ పరీక్ష జరిగినట్లు తెలిపే పత్రాన్ని, బ్యాచ్ సంఖ్యతో సహా అడిగి తీసుకోండి. ఆ సంఖ్యను, నాటిన వరుసలను కలిపి రాసిపెట్టుకోండి. తరువాత ఏ వరుసలో తెగులు కనిపించినా అది మొక్కలతోనే వచ్చిందా, పొరుగు నుంచి ఎగిరి వచ్చిందా అన్నది ఆ రాతను బట్టి తేల్చుకోవచ్చు.